నర్సమ్మక్క త్యాగం చేయలేదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ముప్ఫై దాటీ దాటని అమ్మాయి, చేతిలో మిఠాయి డబ్బా, చంకకి బ్యాగు. "నమస్తే ఆంటీ. నా పేరు నీహారిక. మల్లేశం గారి మనవరాలిని. మా పెద్దనాయనమ్మ ఇంట్ల మీరు కిరాయికి ఉండేటోళ్ళంట గదా?" అంది. పెద్దనాయనమ్మ అంటే ఎవరో తట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. నా మనసులో ఆవిడ ఎవరికీ నాయనమ్మ కాదు. ఆవిడ నర్సమ్మక్క. నల్గొండ పల్లెల వైపు నుంచి ఢిల్లీ పార్లమెంటుకి వెళ్ళిన మొదటి ఆడమనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరు. ఆవిడ పేరు మీద కుటుంబం వాళ్ళు ఒక సంచిక వేస్తున్నారట. "జస్ట్ రెండు పేజీలు చాలు ఆంటీ. అందరు రాసిన్రు. మీరు రైటర్ గదా, మీది ఉంటే వెయిట్ ఉంటది" అంటూ తన ఫోన్‌లో మొదటి పేజీ చూపించింది. ఫొటో కింద పెద్ద అక్షరాలు: కుటుంబ శ్రేయస్సు కోసం తన స్థానాన్ని మరిదికి స్వచ్ఛందంగా అప్పగించిన త్యాగమూర్తి.

అలాగే రాస్తానన్నాను. టీ ఇచ్చి పంపించాను. ఆ తర్వాత ఇక నడుం వాలితే ఒట్టు. ఆ మాట పంటి సందున ఇరుక్కున్న పీచులా అయిపోయింది. బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను, వంటింట్లోకి వచ్చి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. సాయంత్రం కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళి ప్రదక్షిణలు చేస్తూ కూడా అదే. త్యాగమూర్తి. ఆ మాట వింటే నర్సమ్మక్క ఏమనేదో నాకు తెలుసు. ఆవిడ తిట్టే తిట్టు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మా నాన్నగారికి తెనాలి నుంచి హైదరాబాదు బదిలీ అయినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ ఇంటి పై వాటా మాకు దొరికింది. కింద నర్సమ్మక్క, ఆవిడ భర్త. ఆయన స్కూలు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అందరూ సారు అనేవాళ్ళు, ఆవిడ కూడా సారు అనే పిలిచేది. తెల్లవారేసరికి కింద నుంచి రెండు వాసనలు మెట్లెక్కి వచ్చేవి, ఒకటి ఉడికిన గంజిది, ఒకటి బొగ్గుల ఇస్త్రీపెట్టెది. ఆవిడ నేత చీరలకు గంజి పెట్టి, దండెం మీద మడత పడకుండా ఆరేసి, సగం తడి ఉండగానే ఇస్త్రీ చేసేది సారే. వీధిలో మగవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. చీర అంచు దగ్గరకొచ్చేసరికి పిల్లల కాపీపుస్తకం దిద్దుతున్నంత శ్రద్ధగా వంగిపోయేవాడు. పైన మా అమ్మ కాఫీ డికాషన్ దించుతుండేది. కింద జొన్నరొట్టెల చప్పుడు మొదలయ్యేది, అరచేతుల మధ్య టపటపా, లయ తప్పకుండా. ఆ చప్పుడు వినబడిందంటే వరండాలో జనం నిండారని అర్థం. పింఛను రానివాళ్ళు, భూమి తగాదాల వాళ్ళు, దవాఖానాలో మంచం దొరకనివాళ్ళు. వాళ్ళతో పాటు ఏ పనీ లేకుండా వచ్చి, పేపరు చదివి, టీ తాగి, "అక్క మనిషిని నేను" అని చెప్పుకు తిరిగే మగవాళ్ళు కూడా. ఎవరొచ్చినా ముందు కుండలోంచి చల్లటి నీళ్ళు ఇవ్వాలని ఆ ఇంట్లో నియమం. పని అవుతుందా కాదా అన్నది తర్వాత సంగతి.

ఆవిడ కూర్చోగా నేను చూసింది బహు తక్కువ. రొట్టె చేత్తో పట్టుకుని, పచ్చిమిరపకాయ కారం అద్దుకుని, వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ తినేది. ఫోనొస్తే దాని తీగ సాగినంత దూరం నడిచేది. సాసరులో పోసుకున్న టీ కూడా నిలబడే తాగేది. మా అమ్మకి ఇది వింతగా ఉండేది. "ఏమండీ నర్సమ్మగారూ, మీ కాళ్ళకి చక్రాలున్నాయా ఏమిటి? కాసేపు కూర్చోండి, అప్పచ్చులు చేశాను" అంది ఒకసారి, పై వాటాకి పిలిచి. నర్సమ్మక్క నవ్వింది. అప్పచ్చి అందుకుంది కానీ కూర్చోలేదు.

"మా అక్క ఉండె అమ్మా. మా ఊరి బాయి ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి కాళ్ళ బొక్కలు వంకర వోయినయి. మోకాళ్ళు రెండు ఇట్ల విల్లు లెక్క. కూసుంటే ఇద్దరు పట్టి లేపాలె. నేను ఆ నీళ్ళు ఎక్కువొద్దులు తాగకముందే పెండ్లయి పక్కూరికి వోయిన, బతికిపోయిన. నడిచే కాళ్ళుండంగ వీటిని కూసోవెట్టి ఏం జేసుకోను?"

మా అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ ఆవిణ్ణి కూర్చోమనలేదు. నిలబడి తినడానికి వీలుగా ఉండేవే చేసి పంపేది.

సాయంత్రాలు డాబా మీద అమ్మ ఎండబెట్టిన వడియాలు తీస్తుంటే ఆవిడ పైకొచ్చి ఢిల్లీ కబుర్లు చెప్పేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. హిందీ అంటే, చిన్నప్పటి నుంచీ చెవినపడ్డ ఉర్దూలో తెలుగు కలిపినది. సభలో లేచిన ప్రతిసారీ ఒకటే అడిగేదట, మా ఊళ్ళకి మంచినీళ్ళు ఎప్పుడిస్తారని. రైళ్ళ గురించి చర్చ జరుగుతుంటే రైలులో తెచ్చైనా ఇవ్వమని, పరిశ్రమల మీద చర్చ అయితే పరిశ్రమకి ముందు నీళ్ళు కావాలని. "నేను లేస్తె చాలు, ఆగయీ పానీవాలీ, నీళ్ళామె వచ్చిందని ఎనక బెంచీలోళ్ళు నవ్వేటోళ్ళు" అని తనే నవ్వేది. నాకు రోషం వచ్చేది. "మీకు కోపం రాలేదా అక్కా?" అంటే, "ఎందుకొస్తది పిల్లా? నా పేరు మర్శిపోయిన్రు గని నీళ్ళు యాదికున్నయి గదా. నాకు గదే గావాలె" అనేది. వింటున్నప్పుడు నాకది ఓదార్పు మాటలా అనిపించేది. కాదు, ఆవిడ నిజంగానే అలా అనుకునేదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఎన్నికలొచ్చాయి. ఈసారి కూడా ఆవిడే అని అందరూ అనుకుంటుండగా ఒక సాయంత్రం సారు తమ్ముడు మల్లేశం నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అంతకుముందంతా ఆవిడ వెనకాల ఫైళ్ళు మోసిన మనిషి, మర్యాదస్తుడు, వదినా అనే మాట లేకుండా వాక్యం మొదలుపెట్టేవాడు కాదు. నేను మెట్ల మీద చదువుకుంటున్నాను. పుస్తకం మూయలేదు గానీ చదవడం మానేశాను.

"వదినా, పార్టీ ఈసారి నన్ను నిలవడుమంటున్నది. నేను అడగలేదు, వాళ్ళే అన్నరు. నువ్వు ఇన్నొద్దులు చేసినవు. ఇగ ఆరాం తీస్కో."

"ఆరాం గావాల్నని నేను ఎవరినన్న అడిగిన్నా?"

పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అట్ల కాదమ్మా. మీ ఇంట్లకెల్లి ఢిల్లీకి ఎవరు వోయినా ఒకటే గదా. సీటు మీ ఇంట్లనే ఉంటది."

"ఇంట్ల ఉండనీకి అది ఏమన్న బీరువానా?" అంది ఆవిడ. ఆ మాటకి ఇంకో పెద్దాయన నవ్వబోయి ఆపుకున్నాడు. అందరూ సారు వైపు తిరిగారు. ఆయన తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "వాడు నా తమ్ముడు. ఆమె నా భార్య. నన్ను అడగకుండ్రి" అని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. నోరు లేని మనిషి అనుకున్నాను. మల్లేశం వెళ్తూ వెళ్తూ వదిన కాళ్ళకి దండం పెట్టాడు. ఆవిడ దీవించింది కూడా. ఆ రోజుల్లో అన్నీ అలాగే జరిగేవి, గొంతు కోసేటప్పుడు కూడా వరస తప్పేవాళ్ళు కాదు.

మర్నాటి నుంచి వరండా పలచబడింది. పేపరు చదివే మగవాళ్ళు ముందు మాయమయ్యారు. ఆవిడ ఇండిపెండెంటుగా నిలబడతానని కబురు పంపింది. నామినేషను వేసే రోజు పొద్దున్నే పంపిస్తామన్న కారు రాలేదు. కాసేపు గేటు దగ్గర పచార్లు చేసి, లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికొచ్చేసరికి ముదురు నీలం చీర కట్టుకుని ఉంది. ఇస్త్రీ వేడి ఇంకా ఆరినట్టు లేదు, కుచ్చిళ్ళు కత్తిరించినట్టు నిలబడ్డాయి. సారు గుమ్మంలో ఉన్నాడు. చేతికి ఇస్త్రీపెట్టె మసి ఉంది. ఆయన ఇవ్వదలచిన జవాబు అదేనని నాకు అప్పుడే తెలిసుంటే బావుండేది.

ఆవిడ నేరుగా మా మెట్లెక్కింది. "అమ్మా, మీ పిల్లను ఇయ్యాల్టికి నాతోని తోలుతవా? ఒక్కదాన్నే పోతె పారిపోతున్నదంటరు. పక్కన మనిషుంటె పోతున్నదంటరు."

అమ్మ భయస్తురాలు. నాన్నగారిది గవర్నమెంటు ఉద్యోగం, ఈ ఊరు మాకు కొత్త, రాజకీయాల జోలికి పోవద్దని ఆయన పదే పదే చెప్పేవారు. అమ్మ స్టవ్ ఆపింది. నా వైపు చూసింది. "చెప్పులేసుకో. నాన్నగారికి నేను చెప్పుకుంటాను" అంది. మా అమ్మ జీవితంలో వేసిన ఏ ఓటు కంటే ఆ మాటే పెద్దదని నా నమ్మకం.

సిటీ బస్సులో ఎల్‌బీ నగర్ చౌరస్తాకి వచ్చి నల్గొండ బస్సు కోసం నిలబడ్డాం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. బెజవాడ వైపు పోయే బస్సుల కోసం మా వైపు వాళ్ళు సూట్‌కేసులతో, నల్గొండ వైపు పోయేవాళ్ళు మూటలతో. ఆవిణ్ణి గుర్తుపట్టినవాళ్ళు కొందరు దండం పెట్టారు. ఇంకొందరు గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నారు. బస్సెక్కితే ఒక ముసలావిడ జరిగి చోటిచ్చి, "ఏందక్కా, నువ్వు గీ బస్సుల?" అంది. "ఏం, నేను టికెట్టు కొనలేనా?" అంది నర్సమ్మక్క. ఆ రోజు ఆవిడ కూర్చుంది. దారంతా కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూనే ఉంది.

కలెక్టరాఫీసు దగ్గర చెట్టు నీడన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. సద్దిమూటలు పక్కన పెట్టుకుని, నీళ్ళ కోసం ఆవిడ వెంట తిరిగిన ఊళ్ళవాళ్ళు. అనుకున్నంతమంది కాదు. పేరు ప్రతిపాదించడానికి సరిపడా ఉన్నారు, అంతే. రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర ఒక మనిషిని చూశాను. మా వరండాలో రోజూ పేపరు చదివే ఆయనే. గ్లాసు చేతిలో పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. పాపం, అంత దూరం వచ్చాడు, రోడ్డు మాత్రం దాటలేదు. నర్సమ్మక్క కూడా చూసింది. చెయ్యి ఊపింది. అతను గ్లాసులోకి చూశాడు. ఆవిడ లోపలికి నడిచి, నామినేషను వేసి, బయటికొచ్చి ఆ ఆడవాళ్ళ మధ్య నిలబడి సద్దిమూటలోంచి ఒక ముద్ద అడిగి తింది.

ఓడిపోయింది. మామూలుగా కాదు, డిపాజిట్టు కూడా రాలేదు. మల్లేశం గెలిచి, దండల వాసనతో వచ్చి మళ్ళీ కాళ్ళకి దండం పెట్టాడు. "నీళ్ళ సంగతి అడుగు" అని మాత్రం అంది. చాలారోజులు అతను అడగలేదు. తర్వాతెప్పుడో ఒకరోజు అడిగాడని పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఆవిడ ఆ పేపరు పట్టుకుని పిల్లలా మా మెట్లెక్కి వచ్చింది. "సూడుండ్రి! అడిగిండు! మా మల్లేశం అడిగిండు!" నాకు ఒళ్ళు మండిపోయింది. మీ సీటు లాక్కున్నవాడు ఒక్కసారి నోరు తెరిస్తే ఇంత సంబరమా అన్నాను. ఆవిడ ముఖంలో వెలుగు తగ్గలేదు. "సీటు గుంజుకున్నడు, నిజమే. నేను మర్శిపోలేదు. గని నీళ్ళు అడిగిండు. రెండు నిజమే పిల్లా" అంది. ఆవిడ చెప్పిన ఆ రెండు నిజాలనీ ఒకే చేతిలో పట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆ తర్వాత మా నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆవిడ మాత్రం పదవి లేకుండానే, ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళని వెంటబెట్టుకుని షేర్ ఆటోల్లో, బస్సుల్లో ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉండేదని అమ్మకి ఉత్తరాల్లో తెలిసేది. సారు ముందు పోయారు. కొన్నాళ్ళకి ఆవిడా పోయింది. నేను అప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాను, వెళ్ళలేకపోయాను. ఆవిడ ఊరికి కుళాయి నీళ్ళు వచ్చింది ఆవిడ పోయాక.

ఈమధ్య ఒకసారి పనిగట్టుకుని ఆ సందులోకి వెళ్ళాను. ఆ ఇంటి చోట అమ్మాయిల హాస్టలు. కోచింగు పిల్లలు బ్యాగులతో ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు. వాళ్ళ నడకలో ఆత్రం ఉంది, నాకది నచ్చింది. మెట్రో రైలెక్కి ఎల్‌బీ నగర్ దాకా వచ్చాను. అప్పుడు సిటీ బస్సులో నిలబడి వెళ్ళిన దారి, ఇప్పుడు ఏసీలో కూర్చుని కిందకి చూస్తూ వచ్చాను. ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు. ఆడవాళ్ళ ముఖాలు అప్పటికంటే ఎన్నో ఎక్కువ. పట్టుచీరలు, దండం పెట్టిన చేతులు. కానీ ప్రతి ముఖం పక్కనా ఒక మగవాడి ముఖం, కొంచెం పెద్దదిగా. అప్పుడు నర్సమ్మక్క ఒక్కతే ఉండేది, పక్కన ఎవరూ లేకుండా ఉండేది. ఏది ముందుకు వెళ్ళడమో ఏది వెనక్కి వెళ్ళడమో తేల్చుకోలేక, దిగాల్సిన చోట దిగి కూడా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాను.

ఇదంతా రాసి పెట్టాను. నీహారిక మూడోనాడు వచ్చింది. సోఫా అంచు మీద కూర్చుని మొత్తం చదివింది. చదువుతూ ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది.

"ఇది మావోళ్ళు వెయ్యరు ఆంటీ" అంది.

"తెలుసమ్మా."

"తాత గురించి ఇట్ల రాసిన్రని గొడవ చేస్తరు." కాగితాలు మడిచింది గానీ లేవలేదు. "మా వార్డు లేడీస్‌కి రిజర్వ్ అయింది. నా పేరే అనుకుంటున్రు. ఈ సంచిక కూడా అందుకే. ప్రచారం, మీటింగులు అన్నీ మా ఆయన చూసుకుంటడంట. నేను పక్కన నిలబడి దండం పెడితే చాలంట. నేనే మాట్లాడత, నేనే తిరుగుత అన్న. నాలుగు రోజులాయె, ఇంట్ల ఎవ్వరు నాతోని మాట్లాడతలేరు." కళ్ళు నేల మీద పెట్టింది. "ఆంటీ, నిజం చెప్పుండ్రి. ఆమెకు ఆ రోజు భయం కాలేదా? మీరు రాసిన దాంట్ల ఎక్కడ లేదు."

నిజమే, అది నేను రాయలేదు. ఆవిడ మర్యాద కాపాడుతున్నాననుకున్నాను. కానీ ఆ అమ్మాయి ముఖం చూశాక చెప్పకుండా ఉండలేకపోయాను.

బస్సు చౌటుప్పల్ దాటింది. కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్న ఆవిడ దాన్ని వదిలేసింది. ఉన్నట్టుండి లేచి, "బిడ్డా, బస్సు జర ఆపు" అని డ్రైవరుకి వినబడేలా అరిచింది. బస్సాగింది. దిగి రోడ్డు పక్కన తుమ్మచెట్టు దగ్గర వంగి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు, అయినా ఆగలేదు. నేను వెనకనుంచి భుజాలు పట్టుకున్నాను. ఎముకలదాకా వణుకు. "నాకు బుగులైతున్నది పిల్లా" అంది. "శాన బుగులైతున్నది." వెనక్కి వెళ్ళిపోదామా అని అడిగాను. బస్సులో జనం కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. కండక్టరు సీసాతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ నోరు పుక్కిలించింది, ముఖం కడుక్కుంది, నీలం చీర కొంగు తడవకుండా ఎడంచేత్తో పైకి పట్టుకుంది. ఇంకా వణుకుతూనే ఉంది. వణుకు తగ్గేదాకా ఆగలేదు. ఫుట్‌బోర్డు కమ్మీ పట్టుకుని ఎక్కి, వెనక్కి తిరిగి నా కోసం చెయ్యి చాపి, "రా పిల్లా, ఆలస్యమైతది" అంది.